మందు వాసన

1957. హిందూపురంలో ఓ ఆసుపత్రి. ఫ్లూ జ్వరాల వార్డు వరండాలో నర్సు నీలావతి, ఆయా మారక్క.

“మళ్లీ కొంగేనా? ముక్కుకు కట్టుకోమని నీకిచ్చిన గుడ్డ యాడ, మారక్కా?”

“ఉండాది లేమ్మా.”

“ఉంటే యాడుండాది?”

“కొంగు అడ్డం పెట్టుకున్నా కదా. చూడు, నోరు కనపడతాండాదా?”

“వక్కాకు నమిలేటప్పుడు కనపడతాండాది. ముక్కైతే ఎప్పుడూ బయటే. పొద్దున జరంతో చచ్చిపోయిన ఈరప్పను, పానం పోకముందు లేపి కూర్చోబెట్టింది నువ్వే కదా? ఆయన దగ్గింది నీ మొగం మీదే కదా?”

“అప్పుడు కట్టుకోనే ఉంటినమ్మా! నీ మీదొట్టు. గుడ్డంతా తడిసిపాయ.”

“మరి దాన్ని ఉడకేసినావా?”

“ఉడకేస్తే...”

“ఉడకేస్తే ఏమి?”

“దాంట్లో మందు పోదా? వాసన పోయినాక ఇంకేం పనిచేస్తాది?”

“మందేమి మందు! ఉత్త గుడ్డ అది. ఆ వాసన ఈడ గోడలకు కూడా ఉండాది.”

“నువ్వే అంటివి కదా సిస్టరమ్మా, ఈ గుడ్డే మనల్ని కాపాడేదని.”

“అంటి. కట్టుకుంటే కదా కాపాడేది! నా బాధ నీకు తెల్దా? నా పాప మీ ఇంట్లో, నీ కోడలి దగ్గర ఉండాది. ఈ వార్డుకు వచ్చినప్పట్నుంచి దాన్ని ఎత్తుకోలేదు నేను. వాకిట్లో నిలబడి చూసి వచ్చేస్తాండా. నువ్వు దినామూ ఆ ఇంట్లోకే పోతావు. నీకేమన్నా అంటుకుంటే...”

“ఆ మాట అనొద్దమ్మా. పాపకేం కాదు.”

“కాదని నీకెట్ల తెలుసు?”

“కాదంటే కాదు. చేయాల్సింది చేసే వచ్చినా.”

“ఏం చేసినావు?”

“ఏం లేదు లే. పొయ్యి మీద నీళ్లు కాగినాయేమో చూసొస్తా.”

“నిలబడు. మధ్యాన్నం కూటికి ఇంటికి పోయేటప్పుడు ఆ గుడ్డ నీ మొగానే ఉండె. వచ్చేటప్పుడు లేదు. యాడ పెట్టినావు?”

“కోప్పడవు కదా?”

“చెప్పు మారక్కా!”

“తలా ఒకటే కదమ్మా ఇచ్చింది. నాకేమి, ముసలిదాన్ని, ఉంటే ఎంత పోతే ఎంత? మందు వాసన పోకముందే, నిద్రపోతాండే నీ పాపకు ముక్కూ నోరూ మూసి కట్టి వచ్చినా.”