సంతకి కాపలా ఎవరు?

టెక్సాస్‌లో అదొక పశువుల సంత ఊరు. తుపాకీ శిక్షణ ఇచ్చే మాస్టారు, ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

“నీకు లైసెన్సు రాలేదు. చొక్కా కింద తుపాకీ పెట్టుకు తిరగడానికి నువ్వు పనికిరావట.”

“పరీక్షలో నా గురి ఒక్కటీ తప్పలేదు కదండీ!”

“గురి ఎవడిక్కావాలిరా? పదహారేళ్లప్పుడు దూడని దొంగిలించావుగా?”

“అది నేను పెంచిన దూడే మాస్టారూ. స్కూలు పిల్లల పశుప్రదర్శనలో వేలం వేసి కోతకి పంపుతుంటే, తోలుకుపోయాను.”

“అమ్మేశాక నీదెలా అవుతుంది? ఈ ఊళ్లో మనిషిని కొట్టినా ఊరుకుంటారు గానీ పశువుని దొంగిలిస్తే ఊరుకోరు.”

“పద్దెనిమిది నిండితే చిన్నప్పటి కేసు దానంతటదే పోతుందన్నారు మావాళ్లు.”

“మీవాళ్లు చట్టమంతా బీరు తాగుతూ చదివారు మరి! ఆ కేసు రికార్డు ఎవరికీ కనబడకుండా మూసెయ్యమని కోర్టుకెళ్లి అడగాలి. అడిగావా?”

కుర్రాడు టోపీ అంచు నలిపాడు. లైసెన్సు చూపిస్తేనే సంతలో కాపలా ఉద్యోగం. సోమవారం చేరాలి.

“ఇప్పుడు అడిగితే?”

“నెలలు పడుతుంది. ఈలోగా సంతవాళ్లు డ్యూయీ స్ట్రౌడ్‌ని పెట్టేసుకుంటారు.”

“డ్యూయీనా! కిందటేడు తన బూటు తనే కాల్చుకున్నాడే, వాడా?”

“వాడే. పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు. అయినా వాడిమీద కేసుల్లేవుగా.”

“మరి దొంగలొస్తే?”

“దొంగలకేం భయంలేదులే. ఆవులే కాస్త తలలు దించుకుని పడుకోవాలి.”