అద్దాలు లేని కార్లు

పాత బొమ్మ అంబాసిడర్‌కి అతికించబోయిన బియ్యపుగింజంత సైడు అద్దం మూడోసారీ పట్టకారులోంచి జారిపోయింది. తిరుమల ఘాటురోడ్డులో బస్సు నడిపే ఆయన, కూతురు చూడకముందే చెయ్యి తొడ కింద దాచుకున్నాడు.

"ఏం నాయనా, కారు మీద అలిగినావా?"

"గమ్ము బాగలేదమ్మా."

"అలమారలో నువ్వు బాగుచేసి పెట్టిన చివరి మూడు కార్లకీ అద్దాల్లేవే!"

"పాత బండ్లకి ఉండవులే."

"ఆ చెయ్యి ఇట్లా చాపు."

"డ్యూటీకి టైమైంది."

"చాపు నాయనా."

ఆమె ఆయన అరచేతిలో పెట్టిన అద్దం నిలవకుండా అదిరింది.

"స్టీరింగు పెద్దది గదమ్మా. పట్టుకుంటే తెలీదు."

"ఎక్కినోళ్ళకి తెలుస్తాది. ఎన్నాళ్ళయింది?"

"దీంతో నాలుగు కార్లయింది."

"డిపోకి ఫోన్ చేసి చెప్పు."

"పొద్దున్నుంచీ నొక్కతానే ఉండానమ్మా. నెంబరు తప్పు పోతా ఉండాది."