మీటరనుకున్నా

ఇంటి ముందుగదే అతని రిపేరు కొట్టు. బల్ల మీద సగం విప్పిన రేడియో, దాని పక్కన తల్లి ఆక్సిజన్ మిషన్. ఆస్పత్రికి బయలుదేరిన భార్య గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

“మళ్ళీ మోగించండి.”

“ఏంటి మోగించేది?”

“మీ మీటరు. ఎర్ర తీగా నల్ల తీగా ముట్టించండి.”

“పొద్దస్తమానం వినేదేగా. నీ చెవుల్లో కాపురం పెట్టేసుంటుంది ఈపాటికి.”

“ముట్టించండీ.”

“ఇదిగో. బీప్. తీగ ఎక్కడా తెగలేదని. చాలా?”

“ఇదే. నిన్న నేను విన్నది అచ్చం ఇదే. ఈయన రేడియో పట్టుకున్నారులే అనుకుని అంట్లు తోముకుంటూ కూర్చున్నా.”

“మళ్ళీ మొదలెట్టావా.”

“మీటరనుకున్నానండీ! లోపల ప్లగ్గు ఊడి అత్తయ్య మిషన్ ఆగిపోయి, అలారం అలా కొట్టుకుంటుంటే, మీటరనుకున్నా. ఒక్కసారి తొంగిచూస్తే నా సొమ్మేం పోయేది?”

“నీ తప్పేం లేదని చెప్తున్నాగా.”

“మీరు చెప్తే అయిపోతుందా? ఆవిడ ఇంకా కళ్ళే తెరవలేదు. ఏదీ, మిషన్‌ది కూడా మోగించండి. పక్కపక్కన వింటా.”

“దాన్నిప్పుడు కదపకూడదు.”

“ఎందుకని?”

“కదపకూడదంతే. కంపెనీ వాళ్ళు చూడాలి.”

“ఊళ్ళోవాళ్ళవన్నీ విప్పిపోస్తారు, ఇంట్లోదానికి కంపెనీ కావాల్సొచ్చిందా? మొన్న మీరేగా విప్పారు, అలారం మోత సన్నగా వస్తోందని?”

“చూశా. బాగానే ఉంది. బాగానే ఉందని అప్పుడే చెప్పానుగా.”

“అంటే మోగిందన్నమాట. నేనే పట్టించుకోలేదన్నమాట.”

“అలా అన్నానా నేను?”

“ఇంకెలా అనాలి? ‘ఇంట్లో ఇద్దరుండి కూడా ఎలా వినపడలేదే’ అని వదిన ఒకటే అడగడం. ఇవాళ చెప్పేస్తా. విన్నాను, మీటరనుకున్నాను అని.”

“అక్కకేం చెప్పకు.”

“తిడితే తిట్టనీండి. కడుపులో పెట్టుకు తిరగడం నావల్ల కావట్లేదు. ముద్ద దిగట్లేదు.”

“మా అక్క సంగతి నీకు తెలీదా? జన్మలో క్షమించదు.”

“క్షమించకపోతే పోనీ. మీరైనా అనండి ఒక మాట. కన్నతల్లి కదా, నా మీద అరవరేం? నిన్నట్నుంచీ ఒక్క మాట అన్లేదు మీరు. అదే నన్ను కోసేస్తోంది.”

“కూర్చో.”

“ఆటో వాడు బయట...”

“ఉండనీ. కూర్చో. ఆ మోత వచ్చే బిళ్ళ ఉందే, అది బోర్డుకి అతికి ఉండగా మీటరు పెడితే నిజం చెప్పదు. దాని తీగ కాళ్ళలో ఒకటి ఊడదీసి చూడాలి. ఊడదీశా. చూశా. బిళ్ళ బాగుంది.”

“మళ్ళీ అదే పాట.”

“వినవే. అప్పుడే రేడియో ఆయనొచ్చి కేకేశాడు. మూత బిగించేసి లేచిపోయా. రాత్రి విప్పి చూస్తే... ఆ కాలు గాల్లోనే ఉంది. తిరిగి అతకలేదు నేను.”

“అతక్కపోతే?”

“మోగదు. నువ్వు విన్నది మీటరేనే.”