ముప్పై ఏడో నెంబరు

ఆదివారం గుణదల స్టడీ సెంటర్లో దూరవిద్య డిగ్రీ క్లాసుకి, కోచింగ్ హాస్టల్లో వంట చేసే ఆవిడ ఒక్కతే వచ్చింది.

"మెసేజ్ చూళ్ళేదా మేడమ్? ఇక్కడ క్లాసులు అయిపోయినాయండీ. ఇక అన్నీ ఫోన్లోనే," అన్నాడు అటెండరు.

"చూశానండీ. ఫోన్లో హాజరు పిలుస్తారా?"

"పిలవరండీ. లింకు నొక్కితే అదే పడిపోద్ది. మీకే హాయి, బస్సెక్కే పన్లేదు."

"ఏం హాయిలెండి! హాస్టల్లో అందరికీ ఆంటీనే. మా ఆయన పోయాక నన్ను పేరు పెట్టి పిలిచేది ఈ క్లాసులోనే."

అటెండరు తాళాలు బల్లమీద పెట్టి రిజిస్టరు తెరిచాడు.

"మీదెన్నో నెంబరు?"

"ముప్పై ఏడండీ. వరసనే పిలవండి, తొందరేం లేదు."

ఒకటి నుంచీ పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ముప్పై ఏడు, కె. జీవరత్నం."

లేచి నిలబడింది.

"వచ్చానండీ."