కొమురమ్మ మొగని పానం

ఇంటున్నవా? ఆ కొమురమ్మ మల్ల వచ్చి పోయింది. నిన్ను కట్టెతోని నెత్తిమీద కొట్టి సంపిన బీరయ్య పెండ్లాం! మన గడపల కూసొని, రెండు చేతులకు నిండ గాజులేసుకొని ఏడ్సింది. నాకు దాని కండ్లనీళ్లు కనవడలే, గాజులే కనవడ్డయి.

వానికి ఫాంసీ పడ్డది గదా, ఉరి తీస్తమన్నరు. ఇప్పుడు రహం చెయ్యమని, దయ సూపమని అర్జీ పెడుతున్నరట. సచ్చినోని పెండ్లాం మాఫ్ చేసిన్నని ఏలిముద్ర ఏస్తే వాని పానం దక్కొచ్చట. శాలిబండ మున్షీ విశ్వేశ్వర్ ఇయ్యాలనే కాయిదం పట్టుకొని వస్తడట. ఏం జెయ్యాలె, చెప్పు? చెప్పవు. బతికున్నప్పుడన్న ఎన్నడు చెప్పినవ్ గనక!

ఆ మున్షీ మొన్న చెప్పిండు. ఢిల్లీల పెద్ద పెద్దోళ్లు కూసొని దేశానికంత కొత్త కానూన్ రాస్తున్నరట. ఫాంసీ ఉండాల్నా, తీసెయ్యాల్నా అని బహస్ నడుస్తున్నదట. ఏదో దేశంల కుర్సీల కూసోవెట్టి కరెంటు ఇడుస్తరట. తాడు నయమా, కరెంటు నయమా, ఏది నొప్పి తక్కువ అని సదువుకున్నోళ్లు కొట్లాడుకుంటరట.

నిన్ను సంపెటప్పుడు ఎవడన్న అడిగిండా, నొప్పైతదా అని? వాని సావుకు ఢిల్లీ దాక ఫికర్. నీ సావుకు ఒక్క కట్టె, గంతే. నా కడుపు మండదా మరి?

అంతా బీరయ్య మనకు అమ్మిన ఆ బర్రెతోనే వచ్చింది. దాని పిల్ల దుడ్డె బతికున్నదని చెప్పి అమ్మిండు. ఎన్క తోలిస్త అని, సచ్చిన దుడ్డె తోలుల గడ్డి కుక్కి పంపిండు. బర్రె దాన్నే నాకుకుంట చేపుతున్నది, పాలిస్తున్నది, ఊకో అని నేనన్న. నువ్వు ఊకుంటివా? అడగవోతివి, కట్టెదెబ్బ తింటివి.

ఇప్పుడు కొమురమ్మ బతుకు గూడ గా బర్రె లెక్కనే ఉన్నది. కటకటాల ఎన్క మొగడు, ఇంటికి తెచ్చుకునేటట్టు లేదు. అయినా నెలకోపారి తలకు నూనె రాసుకొని, జొన్నరొట్టెలు మూటగట్టుకొని పోతది. పచ్చిపులుసు అడిగిండని మన ఉప్పుగూడ బస్తీ అంత చెప్పుకుంటది. నాకు గా గడ్డి దుడ్డె గూడ లేకపాయె.

అగో, మున్షీ పిలుస్తున్నడు. ఆగు, వస్త.

ఇగో, వచ్చిన. రామ్‌చందర్ భార్య ఆండాలు అని మన ఇద్దరి పేర్లు సదివి ఇనిపించిండు. ఏసిన ఏలిముద్ర. కొమురమ్మ నా కాళ్ల మీద వడ్డది. మీ చిన్నమ్మ బాలమ్మేమో నన్ను ధర్మాత్మురాలు అన్నది.

కోపం చెయ్యకు. దయతోని ఏసిన అనుకుంటున్నవా? వాణ్ణి ఫాంసీకి ఎక్కిస్తే గల్లీ అంత దాని ఇంటికే పోతుండె ఏడ్వనీకి. వాని పాపాలన్ని ఒక్కదినంల మాఫ్ అయితుండె. సచ్చినోని తప్పులు ఎవలికి యాదుంటయి? నువ్వు నన్ను కొట్టినయి నాకే యాదికుంట లెవ్వు.

బతకనీ. ముసలోడై, పండ్లూడి, దాన్నే తిట్టనీ. ఆ మూట మోసి మోసి దానికి యాష్టకొచ్చి ఇసుగు పుట్టనీ. నాకంటు మిగిలింది సచ్చిన మొగడు ఒక్కడే. వాడు సస్తే దాన్ల గూడ కొమురమ్మకు సగం ఇయ్యాల్నా? గందుకే ఏసిన. నీకొక్కనికే చెప్తున్న.