కోళ్ళగూట్లో మేకు

నార్వే ఉత్తర తీరాన మధ్యాహ్నానికే చీకటి పడింది. కోళ్ళగూటి ముందు మంచు ఎత్తిపోస్తూ వచ్చిన అత్తగారు లోపల వెలుగు చూసి ఆగిపోయింది. లోపలున్న కోడలు చటుక్కున లేచి నిలబడింది.

"ఏంటమ్మాయ్, కోళ్ళకేమన్నా పెళ్ళా, లాంతరు పెట్టావు?"

"చీకటి రోజుల్లో గుడ్లు పెట్టవు కదా అత్తయ్యా. వెలుగు చూపిస్తే వసంతం వచ్చేసిందనుకుంటాయని..."

"గుడ్లకంత కరువొచ్చిందా? శరదృతువులో దాచినవి జాడీ నిండా ఉన్నాయిగా!"

"గుడ్ల కోసం కాదు. మీ అబ్బాయి తోర్లైఫ్ చేపలవేటకి వెళ్తూ, కోళ్ళు మళ్ళీ గుడ్లు పెట్టే వేళకి వచ్చేస్తానన్నాడు."

"అయితే?"

"ఇవాళ ఒకటి పెట్టింది. చూడండి, ఇంకా వెచ్చగానే ఉంది."

"పిచ్చిమొహమా! కోడినైతే మోసం చేశావు, సముద్రాన్నేం చేస్తావే?"

కోడలు లాంతరు ఆర్పబోయింది.

"ఆర్పమన్నానా? కింద పెడితే గడ్డి అంటుకుంటుంది. పైన దూలానికి మేకుంది, దానికి తగిలించు."

తడిమితే తుప్పు పట్టిన మేకు చేతికి తగిలింది.

"ఇక్కడ మేకెవరు కొట్టారు అత్తయ్యా?"

"నేనే. మీ మామయ్య వేటకెళ్ళిన మొదటి చలికాలం."