లోపలి కవరు

పెన్సిల్వేనియా కొండల్లో ఒక బొగ్గుగనుల ఊరు. నవంబరు మంగళవారం, ఓటింగు ముగియడానికి ఇంకా యాభై నిమిషాలుంది. చర్చి కింది వంటగదిలో స్టేషా ఒక్కతే కజ్జికాయల్లాంటి పియెరోగీలకి అంచులు నొక్కుతోంది. ఆమె ఆడపడుచు లొరెయిన్ పరుగున వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చెల్లవట వదినా! ఒక్కటీ చెల్లదట!"

"ముందు తలుపు వెయ్యి. చలిగాలికి పిండి బిగుసుకుపోతోంది. ఏంటి చెల్లనిది?"

"మన ఓట్లు! పోస్టులో వేసినవి. ఓటు పెట్టే లోపలి కవరు మీద ఏమీ రాయకూడదట, ఒక్క గీత కూడా. మనం నా కొడుకు పేరు, నోలన్ అని రాశాం కదా? అందుకని పక్కన పారేశారట. కౌంటీ ఆఫీసు నుంచి మెయిలొచ్చింది."

"మెయిలా? నీ ఒక్కదానికేనా?"

"నేనే కదా మెయిల్ అడ్రసిచ్చింది. మిగతా ముసలాళ్లకి అవన్నీ ఎక్కడివి? ముప్పై ఎనిమిది మంది వదినా! వాళ్లకి ఈ సంగతి తెలియనే తెలీదు. హాయిగా టీవీ ముందు కూర్చుని ఉంటారు, మన ప్రతినిధి డన్‌మైర్‌ని ఈసారి దింపేశామనుకుంటూ."

"కూర్చో. ఆయాసపడుతున్నావు. కాఫీ తాగు."

"కాఫీ ఏంటి వదినా! ఇంకా టైముంది. ఓట్లు వేసే బడి దగ్గరికి వెళ్లి సంగతి చెబితే వేరే కాగితం మీద మళ్లీ వెయ్యనిస్తారట. ఎనిమిది లోపు వరసలో ఉంటే చాలట. చర్చి వ్యాను తాళం ఇవ్వు, వాళ్ల ఫోన్ నెంబర్ల కాగితం ఇవ్వు. మూడు ట్రిప్పుల్లో దించేస్తాను."

"తాళం మేరీ వార్గో దగ్గరుంది."

"మేరీ దగ్గరా? ఆవిడకి కారే తోలడం రాదు కదా!"

"మనవడికిచ్చింది, కుర్చీలు మోయించడానికి. తెస్తానంది, అయిదు నిమిషాల్లో. ఈలోగా ఈ వాయి నొక్కు."

"నొక్కలేను. పొద్దున్నుంచీ ఏదో జరగబోతోందనే అనిపిస్తోంది. కల కూడా వచ్చింది, నోలన్ ఉండే యుద్ధనౌక మీద ఎవరూ లేరట, బూట్లు మాత్రమే ఉన్నాయట."

"కలలకేం, వస్తూనే ఉంటాయి."

"ప్రతి మంగళవారం ఏడున్నరకి ఫోన్ చేస్తాడు. ఇప్పుడెంతయింది?"

"ఇరవై దాటింది."

"అందుకే నా ఫోన్ ముట్టుకోవట్లేదు. ఎవరితోనన్నా మాట్లాడుతూ ఉంటే వాడి కాల్ పోతుంది. నీ ఫోన్లోంచి చెయ్యి వదినా, ఒక్కొక్కళ్లకీ. కాగితం ఏదీ?"

"ఉండు, ఇక్కడే ఎక్కడో పెట్టాను. పిండి డబ్బా వెనకాల చూడు."

"ఇక్కడ లేదు."

"అయితే ఆ సొరుగులో."

"స్పూన్లున్నాయి. వదినా, నువ్వు కాస్త లేచి చూడవూ!"

"చేతుల నిండా పిండి కదే. కంగారుపడితే కనబడదు, నిదానంగా వెతుకు."

"వాడిది పాపిష్టి జన్మ వదినా, ఆ డన్‌మైర్‌ది. నోలన్‌ని పంపిన ఆ దేశం పటంలో ఎక్కడుందో చూపించమంటే వెతుక్కుంటాడు. దాని మీదికి ఎన్ని ఓడలు పంపాలో మాత్రం నోటికొచ్చు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక శత్రువు పుట్టుకొస్తాడు వాడికి."

"రెండో పార్టీ వాడు మాత్రం తక్కువా? వీడు జెండా ఊపి పంపుతాడు, వాడు కన్నీళ్లు పెట్టుకుని పంపుతాడు. వెళ్లేది మన వీధి వాళ్లే."

"కనీసం ఆ రెండోవాడు ఓడల్ని వెనక్కి పిలుస్తానంటున్నాడుగా! నాకదే చాలు. డన్‌మైర్ పోయినసారి మూడొందల ఓట్లతో గట్టెక్కాడు. ఈసారి వాణ్ణి మట్టి కరిపించాలి. ఓడిపోయి మెట్ల మీద నిలబడి ఏడవాలి వాడు, నేను చూడాలి."

"చూద్దువుగాని."

"వాడి ఫొటో ఇంకా గోడ మీదెందుకు వదినా? తీసి పొయ్యిలో పెట్టు. ఇక్కడికొచ్చి పియెరోగీలు తిని మూతి తుడుచుకుని పోయాడు."

"ఉండనీ. అందులో నా టెడ్డీ ఉన్నాడు."

"అయ్యో... వాడి మొహం చూసి మన టెడ్డీని మర్చిపోయాను."

"మర్చిపోతారు. వాడు పోయి పదహారేళ్లయింది."

"మర్చిపోయానని కాదు వదినా. నా మేనల్లుడు కాదూ!... ఏడున్నర దాటి ఇరవై నిమిషాలైంది. నోలన్ చెయ్యలేదు. మేరీ రాలేదు. నేను వెళ్లి ఒక్కొక్క తలుపూ కొడతాను."

"ఈ చీకట్లో, ఆ కొండెక్కి? రెండిళ్లు తిరిగేసరికి ఎనిమిదవుతుంది. వ్యాను ఉంటేనే పని జరుగుతుంది. వచ్చేస్తోంది, కూర్చో."

"అసలు పేరు రాయాలని ఎందుకనిపించిందో మనకి. నిన్ను అనడం లేదు వదినా, నువ్వు మంచికే చెప్పావు. 'లెక్కపెట్టే వాళ్లు ప్రతి కవరు మీదా పిల్లాడి పేరు చూడాలి' అన్నావు. అందరం ఏడ్చాం. నీకు మాత్రం ఏం తెలుసు!... నీ కవరు కూడా పోయినట్టేగా?"

"నేను పోస్టులో వెయ్యలేదు. పొద్దున్నే బడికెళ్లి వేసొచ్చాను."

"అదేంటి? మాతోపాటే రాశావుగా!"

"మీ కవర్లు అంటించాను. నాది రాయలేదు."

"ఎందుకని?"

"గంట కొడుతున్నారు, విను."

"ఎనిమిదా? ఎనిమిదేనా? దేవుడా! మేరీ రాలేదు, తాళం రాలేదు!"

"తాళం నా ఏప్రన్ జేబులో ఉంది. నెంబర్ల కాగితం కూడా."

"వదినా?"

"కవరుతో వచ్చిన సూచనలు రెండుసార్లు చదివాను లొరెయిన్. పేరు రాయమని మీకు చెప్పకముందే."

"నీకు మతి పోయిందా! వాడు గెలిస్తే ఓడలు కదలవు. నా కొడుకు... నోలన్ నీకేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. టెడ్డీ కూడా ఎవరికీ ఏమీ చెయ్యలేదు."

"టెడ్డీని పంపింది డన్‌మైర్!"

"డన్‌మైర్‌ని ఈ వంటగదికి తీసుకొచ్చిందెవరు? ఊళ్లో ప్రతి ఇంటి ముందూ వాడి బోర్డు పాతిందెవరు? నేను వద్దు వద్దంటుంటే పిల్లాణ్ణి లాక్కొచ్చి, వీడి భుజం మీద డన్‌మైర్ చెయ్యి వేయించి, 'నవ్వరా టెడ్డీ' అని ఫొటో తీసిందెవరు? 'వదినకి అన్నీ భయాలే, ఎన్నికలవగానే యుద్ధానికెళ్లిన వాళ్లందరూ ఇంటికొచ్చేస్తారు' అన్నావు. అందరూ నవ్వారు నన్ను చూసి."

"నాకప్పుడేం తెలుసు వదినా! అందరూ అలాగే అనుకున్నారు. నీ పగ వాడి మీద ఉండాలి గానీ..."

"వాడెవడో టీవీలో మొహం. నువ్వు మా ఆయన చెల్లెలివి."

"ఏడున్నరకి చెయ్యాల్సిన వాడు... ఇంకా ఫోన్ రాలేదు వదినా..."

"రాదు మరి, ఒక్కోసారి. ఆ కుర్చీలో కూర్చుని ఫోను కళ్లెదురుగా పెట్టుకో. టెడ్డీ ఫోను కోసం నేను పదకొండు రోజులు కూర్చున్నాను అందులో."